ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) నిజాం కాలపు హైదరాబాదులో పనిచేసిన బ్రిటిషు శస్త్రవైద్యుడు. 1885 నుండి 1901 వరకు హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా ఉంటూ, అక్కడి వైద్యపాఠశాలకు అధిపతిగా వ్యవహరించాడు. క్లోరోఫాం మత్తులో ఉన్న రోగి హఠాత్తుగా మరణించడానికి గుండె ఆగడం కారణమా, శ్వాస ఆగడం కారణమా అన్న వివాదాన్ని తేల్చడానికి ఈయన జరిపించిన పరిశోధనలు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు అన్న పేరుతో ప్రసిద్ధి పొందాయి. కుప్పకూలిన మనిషిలో మొదట చూడవలసింది శ్వాసనా, నాడినా అన్న ప్రశ్న చరిత్రలో ఈ కమిషన్లకు ముఖ్యమైన స్థానం ఉంది.

తొలి జీవితం

లారీ ఎడింబరోలో వైద్యవిద్య అభ్యసించి, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద హౌస్ సర్జనుగా పనిచేశాడు. తరువాత భారతదేశంలో వైద్యసేవలో చేరాడు. హైదరాబాదుకు రాకముందు లాహోరులో శస్త్రచికిత్స బోధించాడు. క్లోరోఫాం ఇచ్చేటపుడు నాడిని పట్టించుకోనక్కరలేదు, శ్వాసను గమనిస్తే చాలునన్నది సైమ్ బోధన. గురువు చెప్పిన ఈ మాటను లారీ జీవితాంతం విడువలేదు.

వివాదం

1847లో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. మరుసటి ఏడే, చిన్న శస్త్రచికిత్స కోసం దీనిని ఇచ్చిన పదిహేనేళ్ళ బాలిక ఒకరు ఇంగ్లండులో కొద్ది నిమిషాలలోనే మరణించింది. ఆ తరువాత ఇటువంటి మరణాలు అనేకం సంభవించాయి. గుండె ఆగడమే కారణమని లండను వైద్యులు, శ్వాస ఆగడమే కారణమని ఎడింబరో వైద్యులు వాదించారు. ఇది కేవలం పండితుల తగవు కాదు. నిజాం రాష్ట్రంలోని ఎలగందుల (నేటి కరీంనగర్), సిర్పూరు-తాండూరు (నేటి ఆదిలాబాదు) వంటి దూరప్రాంతాలలో ఒక వైద్యుడు ఒంటరిగా కత్తి పట్టవలసి వస్తే, ఒక చిన్న సీసా, ఒక గుడ్డ ఉంటే సరిపోయే క్లోరోఫామే అతనికి అనువైన మందు. అయితే ఆ సమయంలో అతడు దేనిమీద కన్ను ఉంచాలి? సమాధానం తప్పయితే పోయేది రోగి ప్రాణం.

హైదరాబాదు కమిషన్లు

1888లో లారీ చొరవతో మొదటి కమిషన్ కుక్కలపై ప్రయోగాలు జరిపి, శ్వాస ఆగిన తరువాతనే గుండె ఆగుతుందని తేల్చింది. 1889 ఆరంభంలో వైద్యపాఠశాల బహుమతి ప్రదాన సభలో లారీ ఈ ఫలితాన్ని ప్రకటించాడు. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్, ఆ పత్రిక తన ప్రతినిధిని పంపి స్వయంగా పరీక్షించుకోవడానికి వేయి పౌండ్లు ఇచ్చాడు. పత్రిక తరఫున వచ్చిన లాడర్ బ్రంటన్, క్లోరోఫాం గుండెను దెబ్బతీస్తుందని నమ్మినవాడు.

రెండవ కమిషనుకు లారీ అధ్యక్షుడు. బ్రంటన్‌తో పాటు జెరాల్డ్ బామ్‌ఫర్డ్, డాక్టరు రుస్తుంజీ ఇందులో సభ్యులు. లారీ విద్యార్థిని, ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యురాలిగా పలువురు పేర్కొనే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఈ పనిలో పాలుపంచుకుంది. కుక్కలు, కోతులు మొదలైన వందలాది జంతువులకు క్లోరోఫాం ఇచ్చి, మసి పూసిన కాగితంపై రక్తపు పోటును గీసే యంత్రంతో గమనించారు. ఈ సంఖ్య నేటి పాఠకుని కలవరపెట్టక మానదు. చివరకు బ్రంటన్ తన అభిప్రాయాన్ని మార్చుకుని లారీ పక్షానికి వచ్చాడు. శ్వాసను ఎడతెగక గమనించాలి, అది తడబడగానే మందు ఆపాలి, శ్వాస ఆగితే వెంటనే కృత్రిమ శ్వాస కల్పించాలి అన్నది కమిషన్ ఇచ్చిన ఆచరణ.

పొరపాటు ఎక్కడ?

ఈ ఆచరణలో మేలు ఉంది. కాని గుండెకు అసలు ప్రమాదమే లేదన్న సిద్ధాంతం నిలువలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ జరిపిన ప్రయోగాలు దీనికి వ్యతిరేకంగా వచ్చాయి. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు విషయాన్ని బయటపెట్టాడు. క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నపుడు, భయం వలనో నొప్పి వలనో శరీరంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె జఠరికలు లయ తప్పి గిలగిల కొట్టుకుని రక్తాన్ని పంపలేకపోతాయి. అప్పుడు నాడి ముందు పోతుంది, శ్వాస తరువాత ఆగుతుంది. హైదరాబాదు ప్రయోగాలలో మందును ఎడతెరిపి లేకుండా ఎక్కువగా ఇచ్చారు. ఆ స్థితిలో శ్వాసే ముందు ఆగుతుంది. అందువలన కమిషన్ చూసినది అబద్ధం కాదు, చూడనిది మిగిలిపోయింది. విచిత్రమేమంటే, మనుషులలో హఠాన్మరణానికి జఠరికల ఈ కంపనమే కారణం కావచ్చునని స్కాట్లండులో జాన్ మెక్‌విలియం రాసినది కూడా 1889లోనే.

లారీ మాత్రం వెనుకకు తగ్గలేదు. హైదరాబాదు వదిలిన 1901లోనే క్లోరోఫాంపై విద్యార్థుల కోసం పుస్తకం ప్రచురించాడు. లావెరాన్ కనుగొన్న మలేరియా పరాన్నజీవిని కూడా ఆయన నమ్మలేదు. ఆ పరాన్నజీవి దోమలో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897లో పక్కనున్న సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. పట్టుదల ఆయనకు బలమూ, బలహీనతా అయింది. 1915లో మరణించాడు.

తరువాతి పరిణామాలు

కంపించే గుండెను విద్యుత్తుతో దారికి తెచ్చే డీఫిబ్రిలేటరును ఛాతీ తెరవకుండా మనిషిపై విజయవంతంగా వాడినట్లు 1956లో అమెరికాలో పాల్ జోల్ ప్రకటించాడు. ఛాతీని చేతులతో నొక్కి రక్తాన్ని నడిపించే పద్ధతి 1960లో వెలువడింది. 1966లో బెల్‌ఫాస్టులో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ డీఫిబ్రిలేటరును అంబులెన్సులో ఎక్కించి రోగి ఇంటికే పంపాడు. హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలై, తరువాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలతో సహా రాష్ట్రమంతటా విస్తరించింది. శ్వాసా, గుండెనా అన్న క్రమం మాత్రం 2010 వరకు మారుతూనే ఉంది. ఆ ఏడు అమెరికా హృద్రోగ సంఘం తన సూచనలను సవరించి, కుప్పకూలిన పెద్దవారికి మొదట ఛాతీ నొక్కడం ప్రారంభించి, ఆ తరువాత శ్వాస ఇవ్వాలని చెప్పింది. లారీ నడిపిన వైద్యపాఠశాల నేడు ఉస్మానియా వైద్య కళాశాల.