వ్రాసి ఉంచిన పుటలు – జోహన్ సెబాస్టియన్ బాక్ జీవితము



మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్న ఈ శుభ సమయమున, సంఘారాధనలోని పాట కొరకు జీవితమును ధారపోసిన ఒక సేవకుని చరిత్రను మీ ముందుంచ గోరుచున్నాము. ఆయన బోధకుడు కాడు, మిషనెరీ కాడు. దేవాలయములో ఆర్గన్ వాయించి, అందుకు కావలసిన సంగీతమును కాగితముమీద వ్రాసి ఉంచిన జర్మనీ దేశీయుడు జోహన్ సెబాస్టియన్ బాక్.

బాక్ 1685 మార్చి 21న ఐసెనాక్ పట్టణములో, సంగీతమే వృత్తిగా గల లూథరన్ కుటుంబమున జన్మించెను. పదియేండ్లు నిండకముందే తలిదండ్రులిద్దరును గతించిరి. ఓర్‌డ్రుఫ్ పట్టణములో ఆర్గన్ వాయించుచున్న పెద్దన్న ఆ బాలుని చేరదీసెను. అన్నయొద్ద పేరుపొందిన సంగీతజ్ఞుల రచనలు గల ఒక పుస్తకముండెను. తమ్ముడు ఎంత బతిమాలినను దానిని ఇయ్యక, జాలీ తలుపుల బీరువాలో ఉంచెను. బాలుడు తన చిన్న చేతిని జాలీ సందున దూర్చి, ఆ పుస్తకమును చుట్టగా చుట్టి బయటికి తీసి, దీపము లేనందున వెన్నెల వెలుగులో ఆరు నెలలు నకలు వ్రాసెనట. అన్న అది కనిపెట్టి ఆ నకలును తీసివేసికొనెను. అచ్చు పుస్తకములు అరుదైన ఆ దినములలో చేతితో నకలు వ్రాసికొనుటయే సంగీత విద్యకు మార్గము.

1703లో, తన పదునెనిమిదవ యేట, బాక్ ఆర్న్‌స్టాట్ పట్టణ దేవాలయములో ఆర్గన్ వాయించు పనికి కుదిరెను. 1705లో నాలుగు వారముల సెలవు తీసికొని, బుక్స్‌టెహూడ అను వృద్ధ సంగీతజ్ఞుని వాద్యము వినుటకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడచి ల్యూబెక్ చేరెను. సెలవు ముగిసినను రాలేదు. దాదాపు నాలుగు నెలలకు తిరిగి వచ్చెను. సంఘ పెద్దలు ఆయనను పిలిచి సంజాయిషీ అడిగిరి. అంతేకాదు, సంఘము పాడునప్పుడు వింత స్వరములు కలిపి వాయించుటచేత జనులు కలవరపడుచున్నారని మందలించిరి. ఆ పెద్దలను మనము తప్పుపట్టనక్కరలేదు. పాట సంఘముది, వాద్యము ఆ పాటను మోయవలెను గాని మింగివేయరాదు. ఆ పాఠమును బాక్ జీవితమంతయు అభ్యసించెనని మేము తలంచుచున్నాము.

1708లో ఆయన వైమార్ రాజాస్థానమునకు వెళ్లెను. అక్కడనే చిన్న ఆర్గన్ పుస్తకము అను పేరుగల వ్రాతప్రతిని ఆరంభించెను. సంవత్సరమంతటి ఆరాధనలకు తగిన 164 కీర్తనలను ఎన్నుకొని, ఒక్కొక్క పుటపై ఒక్కొక్క కీర్తన పేరు ముందుగానే వ్రాసి, క్రింద స్వరములకు స్థలము విడిచెను. దేవుని ఘనతకును, పొరుగువాడు నేర్చుకొనుటకును దానిని సమర్పించెను. అయితే పూర్తియైనవి 46 రచనలు మాత్రమే. తక్కినచోట్ల పేర్లున్నవి, స్వరములు లేవు. ఆ ఖాళీ పుటలు నేటికిని అట్లే ఉన్నవి.

ఇతరులు వేరు వాద్యములకు వ్రాసిన దానిని ఆర్గన్‌కు అమర్చుటయు ఆయన అక్కడనే సాధన చేసెను. ఇటలీ దేశస్థుడు వివాల్డి వయొలిన్ల కొరకు వ్రాసిన కచేరీ రచనలను, ఒక్క మనిషి రెండు చేతులతోను రెండు పాదములతోను వాయించునట్లు తిరిగి వ్రాసెను. 1717లో వేరొకచోట కొలువు దొరకగా, వైమార్ ప్రభువు విడిచిపెట్టనందున పట్టుబట్టి అడిగి, దాదాపు నాలుగు వారములు చెరసాలలో ఉండెను. 1720లో భార్య మరణించెను. ఇరువదిమంది బిడ్డలలో పదిమంది మాత్రమే పెద్దవారైరి. 1721లో వివాహమాడిన రెండవ భార్య ఆన్నా మగ్దలేనా ఆయన సంగీతమునకు ఎన్నో నకళ్లు వ్రాసి తోడ్పడెను.

1723 నుండి మరణమువరకు లైప్‌జిగ్ నగరములోని పరిశుద్ధ తోమా దేవాలయమున సంగీత పర్యవేక్షకుడుగా నుండెను. 1739లో ఆయన అచ్చు వేయించిన ఆర్గన్ గ్రంథములో పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మము, పాపపు ఒప్పుకోలు, ప్రభురాత్రి భోజనము అను జ్ఞానోపదేశ కీర్తనలు ఆరింటికిని రెండేసి అమరికలున్నవి: ఒకటి పెద్దది, ఒకటి పాదములతో పనిలేక చేతులతోనే వాయించదగిన చిన్నది.

పదిమంది కన్యకల ఉపమానమును గూర్చి 1731లో గాయకులకును వాద్యములకును ఆయన ఒక రచన చేసియుండెను. సుమారు 1748లో అందలి ఒక భాగమును ఆర్గన్‌కు అమర్చి అచ్చు వేయించెను. వయొలిన్ల వరుస కుడిచేతికి, సంఘ కీర్తన ఎడమచేతికి, మంద్ర స్వరము పాదములకు వచ్చెను. ఆర్గన్ సంగీత పుటమీద మూడు వరుసలుండుటకు కారణమిదే. పెద్ద గాయక బృందము లేని దేవాలయములోను ఆ పాట వినబడుటకు ఇట్లు మార్గమేర్పడెను.

చివరి దినములలో చూపు మందగించెను. 1750లో రెండు సార్లు కంటికి శస్త్రచికిత్స జరిగినను ఫలితము లేక, జూలై 28న ప్రభువునందు నిద్రించెను. సమాధిపై గుర్తురాయియైనను లేకపోయెను. భార్య 1760లో ధర్మ సహాయముతో బ్రదుకుచు మరణించెను. వ్రాతప్రతులను కుమారులు పంచుకొనిరి. కొన్ని అమ్ముడుపోయెను, ఎన్నో నశించెను. మిగిలినవి శిష్యులు వ్రాసికొన్న నకళ్లవలన కొంత నిలిచెను. 1829లో మెండెల్సన్ అను యువకుడు బాక్ వ్రాసిన మత్తయి శ్రమల సంగీతమును బెర్లిన్‌లో వినిపించగా, లోకము మరల ఆయనను గుర్తించెను. 1840లో అదే మెండెల్సన్ తోమా దేవాలయములో ఆర్గన్ వాయించి, బాక్ జ్ఞాపక చిహ్నమునకు ద్రవ్యము సమకూర్చెను.

ప్రియులారా, మన సంఘములలో ఆర్గన్లు కొన్నిచోట్లనే గలవు; హార్మోనియము, మద్దెల, తాళములు మనవి. మన కీర్తనల పుస్తకములో రాగము, తాళము పేర్లున్నవి గాని, పాడు వరుస పెద్దల గొంతులోనే ఉన్నది. మేము పరిచర్య చేసిన ఒక గ్రామములో, ఒక పాత కీర్తన వరుస ఒక వృద్ధ సహోదరికి మాత్రమే తెలిసియుండెను. వ్రాసికొందమని అనుకొంటిమి, వాయిదా వేసితిమి. ఆమె వెళ్లిపోయెను, ఆమెతో ఆ వరుసయు వెళ్లిపోయెను. ఆ కీర్తన పుట తెరచినప్పుడెల్ల బాక్ ఖాళీ పుటలు మాకు జ్ఞాపకమునకు వచ్చును.

రెండవ నూరేండ్లలో అడుగిడుచున్న మనము, ప్రతి సంఘములోను పెద్దల వరుసలను స్వరపరచి వ్రాసి, పిల్లలకు నేర్పుదము గాక. బాక్ తన రచనల చివర, మహిమ దేవునికే చెందునని తెలుపు మూడక్షరములను వ్రాయుచుండెను. ఆ మహిమ మన పాటవలనను ఆయనకే కలుగును గాక. ఆమేన్.