మూసీ వరదయు విశ్వేశ్వరయ్యగారును

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఇట్టి యాపద మరల రాకుండుటకు ఉపాయమేమని నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండం గ్రామమువారు. ఆయన 1861లో మైసూరు సంస్థానమున ముద్దేనహళ్ళిలో జన్మించిరి. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పుచు తాము చదువుకొనిరి. 1883లో పూనాలో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథములుగా నిలిచి, బొంబాయి ప్రభుత్వ కొలువున చేరిరి. ఖడక్‌వాస్లా జలాశయమునకు వరదమట్టమునుబట్టి తమంత తామే తెరచుకొను తలుపులను కల్పించినవారు వీరే.

1909లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్యగారు వెంటనే పథకము వ్రాయుటకు కూర్చుండలేదు. చక్రము కిర్రుమన్నంతనే బండినంతయు విప్పక, ఆ చప్పుడు ఇరుసునుండి వచ్చుచున్నదో, ఆకులనుండి వచ్చుచున్నదో మొదట విచారించు వడ్రంగివలె ఆయన పని యారంభించిరి. ఎచ్చట ఎంత వాన కురిసినది? ఆ నీరు ఏ త్రోవను వచ్చినది? ఎగువనున్న చెరువులు ఏమైనవి? లెక్క తీయగా 788 చెరువులలో 221 తెగినట్లు తేలెను. అసాధారణమైన వానకు ఒక చెరువు తెగి, ఆ నీరు క్రింది చెరువును తెంచి, సర్వజలమును ఒక్కుమ్మడిగా నగరముపై బడెను. లోపము నగరమున లేదు, ఎగువనున్నది! అట్టిచో నగరములోని గట్లు ఎత్తుచేసినంత మాత్రమున ప్రయోజనమేమి? వరదను పైననే ఆపి, కొలతప్రకారము క్రిందికి విడువవలెను. కావున మూసీపై నొకటి, దాని ఉపనదియైన ఈసీపై నొకటి జలాశయములను నిర్మింపవలెనని ఆయన సూచించిరి.

ఆ యేడే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెడలిపోయిరి. నిర్మాణము ఇతరుల చేతులమీదుగా జరిగెను. గండిపేటయొద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఇవి వరదను ఆపుటయే గాక నగరవాసుల దాహమునుగూడ తీర్చెను. విశ్వేశ్వరయ్యగారు 1955లో భారతరత్న బిరుదమునంది, 1962లో నూరేండ్లు నిండిన పిమ్మట బెంగుళూరులో మరణించిరి.

జలాశయములు నిండినపుడు నేటికిని తలుపులనెత్తి నీటిని మూసీలోనికి విడుచుదురు. ఆ నీరు వాడపల్లియొద్ద కృష్ణలో గలిసి, ఆవలి యొడ్డున పల్నాటి పొందుగులను ఒరసికొనుచు సముద్రమువైపునకు సాగిపోవును.