సోండ్రే నార్‌హైమ్

నార్వే దేశమున టెలిమార్క్ సీమలో మోర్గెడాల్ అను కొండపల్లె కలదు. పూర్వము చలికాలము వచ్చినదనిన, అచ్చటివారు పొరుగింటికైనను చర్చికైనను స్కీలనెడు పొడవాటి కొయ్యపలకలను కాళ్లకు తగిలించుకొని మంచుపై జారుచు పోవలసినదే. ఆ పల్లెలో 1825వ సంవత్సరమున సోండ్రే నార్‌హైమ్ జన్మించెను. అతనికి సొంతభూమి లేదు. ఆసామి నేలలో గుడిసె వేసికొని, అందులకు బదులుగా ఆతని పొలమున పాటుపడెడివాడు.

నాటి స్కీలను కాలివ్రేళ్లకడ మాత్రమే పట్టీతో బిగించెడివారు. ఎగిరినచో అవి ఊడిపోయెడివి. సోండ్రే మెలివేసిన చెట్టువేళ్లను మడమచుట్టును త్రిప్పి కట్టెను. చూచుటకు ఇది స్వల్పవిషయమే. కాని దానితో అతడు ఇంటికప్పులమీదినుండి దుమికియు పడక నిలువగలిగెను. ఏటవాలున ఇష్టము వచ్చినట్లు మెలికలు తిరుగగలిగెను. పల్లెపిల్లలు ఆతని వెంటబడి ఆ విద్య నేర్చిరి.

1868లో రాజధానియగు క్రిస్టియానియాలో, అనగా నేటి ఓస్లోలో, పందెము జరిగెను. 42 ఏండ్ల సోండ్రే సుమారు 200 కిలోమీటర్లు స్కీలపైననే పోయి, పడుచువారిని సైతము ఓడించెను. పత్రికలు పొగడెను. ఆ పొగడ్త గాదె నింపలేదు.

1884లో అతడు భార్యాబిడ్డలతో అమెరికాకు వలసపోయి, డకోటా మైదానములలో స్థిరపడెను. కొండలలో పుట్టి పెరిగినవానికి అచ్చట జారుటకు తగిన మిట్టయే కరువాయెను! 1897లో మరణించెను. ఆతని సమాధి చిరకాలము గుర్తురాయి లేక పడియుండెను.

1952లో ఓస్లోలో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు, సోండ్రే పుట్టిన యింటి పొయ్యిలో జ్యోతిని వెలిగించిరి. 94 మంది స్కీలపై దానిని చేతులు మార్చుకొనుచు రాజధానికి కొనిపోయిరి.