హెన్రీ డ్యూనాంట్

ఆపద కలిగినపుడు జాలిపడుట మానవ స్వభావము. ఆపద రాకమునుపే సాయమునకు సిద్ధపడియుండుట వివేకము. ఈ సత్యమును లోకమునకు చాటిన మహనీయుడు హెన్రీ డ్యూనాంట్. ఆయన 1828వ సంవత్సరము మే 8వ తేదీన స్విట్జర్లాండునందలి జెనీవా నగరమున జన్మించెను.

డ్యూనాంట్ వర్తకుడు. తన వ్యాపార విషయమై ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియనును దర్శింపగోరి, ఆ చక్రవర్తి ఆస్ట్రియాతో యుద్ధము చేయుచున్న ఉత్తర ఇటలీకి వెళ్లెను. 1859 జూన్ 24వ తేదీన సోల్ఫెరీనో వద్ద ఘోరసంగ్రామము జరిగెను. మృతులు, క్షతగాత్రులు కలిసి సుమారు 40,000 మంది. సమీపముననున్న కాస్టిగ్లియోనె పట్టణమున చర్చీలు, వీధులు గాయపడినవారితో నిండిపోయెను. అచ్చట నీరు కలదు, ఆహారము కలదు. అందించు చేతులు మాత్రము చాలవు. చెంతనే నీరుండియు సైనికులు దాహముతో మరణించుచుండిరి.

డ్యూనాంట్ తాను వచ్చిన పని మరచెను. ఊరి స్త్రీలను కూడగట్టి, గాయములు కడిగించి, కట్లు కట్టించెను. బండివానిని పొరుగు నగరమునకు పంపి నిమ్మపండ్లు, చక్కెర, చొక్కాలు, కట్టుగుడ్డలు తెప్పించెను. ఏ దేశపు సైనికుడని ఎవ్వరును అడుగలేదు. అయినను అనేకులు మరణించిరి. శిక్షణ పొందిన సేవకులు ముందుగనే సిద్ధముగా నుండినచో వారిలో పెక్కురు బ్రదికియుందురని ఆయన గ్రహించెను.

1862లో ఆయన ఈ అనుభవమును గ్రంథముగా రచించి, స్వంత ధనముతో అచ్చువేయించి, ఐరోపా ప్రభువులకు పంపెను. ప్రతి దేశమునందును శాంతికాలముననే సహాయ సంఘములు ఏర్పడి సేవకులను సిద్ధపరుపవలెననియు, వరదలు, అగ్నిప్రమాదములు, అంటువ్యాధులు కలిగినపుడును అవి తోడ్పడవలెననియు అందు సూచించెను. 1863లో జెనీవాలో అయిదుగురు సభ్యులతో ఒక సంఘము వెలసెను. అదియే రెడ్‌క్రాసునకు మూలము. మరుసటి యేడు 12 రాజ్యములు గాయపడిన సైనికులను, వారికి సేవచేయువారిని కాపాడుటకు ఒడంబడిక చేసికొనెను.

పరహితమున మునిగిన డ్యూనాంట్ స్వంత వ్యాపారమును చక్కగా చూచుకొనలేదు. 1867లో ఆయన దివాలా తీసెను. తాను స్థాపించిన సంఘమునకే దూరమై, జెనీవా విడిచి, కటిక దారిద్ర్యము ననుభవించెను. లోకము ఆయనను మరచెను. తుదకు హైడెన్ గ్రామపు ఆస్పత్రిలో తలదాచుకొనియుండగా, 1895లో ఒక పత్రికారచయిత ఆయన చరిత్రను ప్రకటించెను. 1901లో మొదటి నోబెల్ శాంతి బహుమానము ఆయనకును, ఫ్రాన్సు దేశీయుడగు ఫ్రెడెరిక్ పాసీకిని లభించెను. ఆ ధనమును ఆయన తనకై వాడుకొనలేదు. గ్రామములోని బీదరోగులకు ఆ ఆస్పత్రిలో ఒక పడక ఎల్లప్పుడును ఉచితముగా లభించునట్లు మరణశాసనమున ఏర్పాటు చేసి, 1910 అక్టోబరు 30వ తేదీన కన్నుమూసెను.

నేడు రెడ్‌క్రాసు సంఘములు వరదలు, తుపానులు రాకమునుపే దుప్పట్లు, గుడారములు నిలువచేసి, సేవకులకు ప్రథమచికిత్స నేర్పుచున్నవి. డ్యూనాంట్ జన్మదినము ప్రపంచ రెడ్‌క్రాసు దినముగా జరుపబడుచున్నది. ఆనాడు సోల్ఫెరీనోలో చాలని చేతులు నేడు ఆపన్నులకు వేళకు అందుచున్నవన్నచో, అది ఆయన కృషిఫలమే.