కడియాలు తొడిగిన పంతులు

పక్షుల మాటెత్తితే మనవాళ్లందరికీ సాలిం అలీగారే గుర్తొస్తారు. అది న్యాయమే. కాని ఈ సంచికకు నేను ఎంచుకున్న వ్యక్తి మన దేశం వాడు కాదు. ఆ మాటకొస్తే ఉద్యోగరీత్యా పక్షిశాస్త్రవేత్త కూడా కాదు. బడిపంతులు. పేరు లాన్స్ రిచ్‌డేల్. 1900లో న్యూజిలాండ్‌లో పుట్టాడు, 1983లో పోయాడు. సముద్రపక్షుల మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ పేరు గౌరవంగా తలుస్తారు.

ఆస్ట్రేలియాలో వ్యవసాయం చదువుకుని వచ్చి, డ్యునెడిన్ పట్నం చుట్టుపక్కల బడులు తిరుగుతూ పిల్లలకు వ్యవసాయ పాఠాలు చెప్పేవాడు. 1936లో, ఆ పట్నాన్ని ఆనుకుని ఉన్న ఒటాగో ద్వీపకల్పం ఒడ్డున, పసుపు కళ్ల పెంగ్విన్లను చూడటం మొదలుపెట్టాడు. చూడటమంటే మనం సాయంత్రం బీచికెళ్లి చూసినట్టు కాదు. పెంగ్విన్లన్నీ మన కంటికి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అందుకని ఒక్కొక్కదాన్నీ పట్టుకుని కాలికి నంబరున్న కడియం తొడిగాడు. ఏది దేనితో జతకట్టింది, ఎన్ని గుడ్లు పెట్టింది, పిల్లల్లో ఎన్ని సముద్రం చేరాయి, మరుసటేడు ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు - ఇదంతా రాసుకునేవాడు. శని ఆదివారాలూ సెలవులూ ఆ ఒడ్డుకే ధారపోశాడు. ఒకటి రెండేళ్లు కాదు, దాదాపు పద్ధెనిమిదేళ్లు! జతపక్షి బతికుండగానే దాన్ని వదిలి ఇంకోదాన్ని చేరే పెంగ్విన్లు కూడా ఉంటాయని తేలింది ఈ కడియాల వల్లనే. ఆ లెక్కలే 1951లో, 1957లో రెండు పుస్తకాలయ్యాయి.

సెలవులు ఎక్కువ దొరికితే ఫోవో జలసంధిలో ఫెరో అనే చిట్టి దీవికి పోయి గుడారం వేసేవాడు. అక్కడ బొరియల్లో కాపురముండి, చీకటి పడ్డాక ఇళ్లు చేరే పెట్రెల్ పక్షులు ఉంటాయి. వాటి కోసం ఆయనా రాత్రులు మేలుకునేవాడన్నమాట.

ఇక ఆల్బట్రాస్ సంగతి. చెప్పొద్దూ, నన్ను ఈ వ్యాసం రాయించింది అదే. ద్వీపకల్పం కొసన టయరోవా హెడ్ అనే కొండకొమ్ము ఉంది. అక్కడికి రాయల్ ఆల్బట్రాస్‌లు వస్తాయి. రెక్కలు చాస్తే మూడు మీటర్లు. రెండేళ్లకోసారి ఒక్కటే గుడ్డు. ఆలూమగలు వంతులేసుకుని పదకొండు వారాలు పొదగాలి, పిల్ల ఎగరడానికి మరో ఎనిమిది నెలలు. అంటే దాదాపు ఏడాది పొడుగునా ఆ ఒక్క ప్రాణం నేల మీదే ఉంటుంది, కుక్కకో పిల్లికో అందుబాటులో. 1920 ప్రాంతంలో అక్కడ మొదటి గుడ్డు కనిపించింది మొదలు ఒక్క పిల్లా గాల్లోకి లేవలేదు. గుడ్లు మనుషులే పట్టుకుపోయేవారు. పుట్టిన పిల్ల జంతువుల పాలయ్యేది. రిచ్‌డేల్ గూడు దగ్గరే మకాం వేసి కాపలా కాశాడు. చుట్టూ కంచె లేచింది. 1938లో మొదటి పిల్ల ఎగిరిపోయింది.

1937లో ఆయన కడియం తొడిగిన ఒక ఆల్బట్రాస్‌ను అక్కడివాళ్లు ‘అమ్మమ్మ’ అని పిలుచుకున్నారు. అప్పటికే అది ఈడొచ్చిన పక్షి. 1989 వరకూ కనిపించింది. అరవై దాటి ఉంటుందని అంచనా. పంతులు పోయి అప్పటికి ఆరేళ్లు. సముద్రపక్షి అంతకాలం బతుకుతుందని ఆ కడియం లేకపోతే ఎవరు నమ్మేవారు?

ఆ దేశంలో 1950ల నుంచి పక్షి సంఘం సభ్యులు, జీతం బత్తెం లేకుండా, బీచిల వెంట నడిచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పక్షి కళేబరాలను జాతి జాతికీ విడదీసి లెక్కగట్టారు. వినడానికి రోతగా ఉండొచ్చు గాని, నడిసముద్రంలో ఏ జాతికి ఎప్పుడు కష్టమొచ్చిందో ఒడ్డున ఉండి తెలుసుకునే దారుల్లో అదొకటి.

టయరోవా హెడ్ కొండ మీద ఇప్పుడు రెండు వందలకు పైగా ఆల్బట్రాస్‌లున్నాయి. పెంగ్విన్ల కథ అలా నడవలేదు. ఒటాగో ఒడ్డున అవి ఏటికేడు తగ్గిపోతున్నాయి, అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కాయి. ఎంత తగ్గాయో పోల్చుకోవడానికి అక్కడివాళ్లు నేటికీ తిరగేసేది ఆ పంతులుగారి లెక్కలనే.