లోక్‌సభ సభాపతి జి.ఎం.సి. బాలయోగి: జీవితం, ఆఖరి ప్రయాణం

2002 మార్చి 3, ఆదివారం. ఢిల్లీలో పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు జరుగుతున్న రోజులు. కేంద్ర బడ్జెట్ లోక్‌సభ ముందుకు వచ్చి అప్పటికి మూడు రోజులే అయింది. ఆ సభను నడిపించే జి.ఎం.సి. బాలయోగి ఆ ఉదయం స్వరాష్ట్రంలో, భీమవరం నుంచి హెలికాప్టర్‌లో బయలుదేరారు. కొద్దిసేపటికే అది కృష్ణా జిల్లా కైకలూరు సమీపాన కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలిపోయింది. బాలయోగితో పాటు పైలట్, భద్రతాధికారి కూడా మరణించారు. ఆయన వయస్సు యాభై ఏళ్ళు. పదవిలో ఉండగా కన్నుమూసిన లోక్‌సభ సభాపతులలో, 1956లో మరణించిన మావలంకర్ తరువాత ఆయన రెండవవారు.

గంటి మోహనచంద్ర బాలయోగి 1951 అక్టోబరు 1న తూర్పు గోదావరి జిల్లా ఎదుర్లంకలో, ఒక దళిత రైతు కుటుంబంలో జన్మించారు. గౌతమీ గోదావరికి ఒక ఒడ్డున ఎదుర్లంక, ఎదుటి ఒడ్డున యానాం. సొంత ఊళ్ళో బడి లేక పొరుగునున్న గుత్తెనదీవిలో అక్షరాలు దిద్దుకున్నారు. కాకినాడలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టా పొంది, 1980లో కాకినాడలోనే న్యాయవాద వృత్తి చేపట్టారు. మేజిస్ట్రేటు ఉద్యోగం చేతికి వచ్చినా విడిచిపెట్టి, మళ్ళీ నల్లకోటు వేసుకున్నారు. 1987లో జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో తెలుగుదేశం అభ్యర్థిగా అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. 1996లో ఓడిపోయారు, ఆ తరువాత ముమ్మిడివరం ఉపఎన్నికలో శాసనసభకు గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు.

1998లో మళ్ళీ అమలాపురం ఆయనను ఢిల్లీకి పంపింది. ఆ ఏడాది మార్చి 24న ఆయన లోక్‌సభ సభాపతిగా ఎన్నికయ్యారు. అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి తరువాత తెలుగు నేల నుంచి ఆ పీఠమెక్కిన మూడవవారు. దళితులలో మొదటివారు. మృదువుగా మాట్లాడే ఈ మనిషికి దక్కిన సభ మాత్రం మృదువైనది కాదు. ఏ పక్షానికీ నికరమైన ఆధిక్యం లేదు. 1998 జులైలో మహిళా రిజర్వేషన్ల బిల్లు ప్రతులను సభలోనే లాక్కొని చించివేశారు. అరుపుల మధ్య సభను నడపడమే అక్కడ ఆయనకు నిత్యకృత్యమయింది.

అసలు పరీక్ష 1999 ఏప్రిల్ 17న వచ్చింది. వాజ్‌పేయీ ప్రభుత్వం విశ్వాస తీర్మానం ప్రవేశపెట్టింది. గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలలుగా ఒడిశా ముఖ్యమంత్రి. అయితే లోక్‌సభ సభ్యత్వం ఇంకా వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చునా అన్న వివాదం సభాపతి ముందుకు వచ్చింది. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే విడిచిపెట్టారు. గమాంగ్ ఓటు వేశారు. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ ఒక లెక్క చూడవలసి ఉంది. గమాంగ్‌ను ఆపి ఉంటే ఓట్లు చెరి 269 అయ్యేవి. ఓట్లు సమానమైనప్పుడు నిర్ణాయక ఓటు సభాపతిదే అని రాజ్యాంగం నూరవ అధికరణం చెబుతోంది. బాలయోగి సొంత పార్టీ ఆ రోజు వాజ్‌పేయీ పక్షాన నిలిచింది. అంటే ప్రభుత్వం నిలబడటమా, పడిపోవడమా అన్నది ఆయన చేతికే వచ్చేది. ఆయన గట్టిగా తేల్చి చెప్పవలసిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ సభ్యత్వం వదలని సభ్యుని ఓటును కాదనడానికి స్పష్టమైన నిబంధన ఏదీ లేదు. తన పార్టీకి నష్టమని తెలిసీ లేని అధికారాన్ని తెచ్చిపెట్టుకోకపోవడం చిన్న విషయం కాదు. ఆ ఏడాదే ఎన్నికలు జరిగి కొత్త లోక్‌సభ ఏర్పడినప్పుడు, అక్టోబరు 22న సభ మళ్ళీ ఆయననే ఎన్నుకుంది.

రెండవ విడతలో లోక్‌సభకు తొలి నైతిక విలువల సంఘాన్ని ఏర్పాటు చేశారు. 2001 నవంబరులో చట్టసభల క్రమశిక్షణ, మర్యాదలపై ముఖ్యమంత్రులను, సభాపతులను, పార్టీల నాయకులను ఢిల్లీకి పిలిచి సదస్సు జరిపారు. మూడు వారాలు తిరగకముందే, డిసెంబరు 13న పార్లమెంటుపై ఉగ్రవాదులు దాడి చేశారు. భవనాన్ని కాపాడుతూ భద్రతా సిబ్బంది నేలకొరిగారు. మరి మూడు నెలలకే కొవ్వాడలంక.

హెలికాప్టర్ ప్రమాదం అనగానే మంచు కొండలు గుర్తుకు వస్తాయి. ఎత్తు పెరిగినా, ఎండ పెరిగినా గాలి పలుచబడుతుంది. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజను బలమూ తగ్గుతుంది. మైదానంలో సునాయాసంగా లేచే బరువే లేహ్ వంటి చోట వేసవి మధ్యాహ్నం లేవకపోవచ్చు. కొల్లేటి లంకలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు, ఉదయపు చల్లని చిక్కని గాలి. యంత్రాన్ని ఎత్తడానికి అనువైన ఆ గాలే తేమను మంచుగా మార్చి చూపును కప్పివేయగలదు. ఎటు చూసినా చెరువులే ఉన్న చోట, చూపు మసకబారితే కింద ఉన్నది నేలో నీరో తేల్చుకోవడం కష్టం. బాలయోగి ఎక్కినది బెల్ 206, ఒకే ఇంజనుతో నడిచే తేలికపాటి ప్రైవేటు హెలికాప్టర్. వేగంగా తిరగవలసిన నాయకులు అటువంటి వాటినే ఎక్కువగా వాడేవారు.

ఆయన మరణంతో ఖాళీ అయిన అమలాపురం స్థానంలో జరిగిన ఉపఎన్నికలో భార్య విజయకుమారి గెలిచారు. 2024లో కుమారుడు హరీష్ మాధుర్ అదే స్థానం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఎదుర్లంకను యానాంతో కలుపుతూ గౌతమిపై కట్టిన వంతెనకు బాలయోగి పేరు పెట్టారు. ఢిల్లీలో వాస్తుశిల్పి రాజ్ రేవాల్ రూపొందించిన పార్లమెంటు గ్రంథాలయ భవనాన్ని 2002 మే 7న రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రారంభించారు. అప్పటికి బాలయోగి మరణించి రెండు నెలలు. ఆ భవనంలోని సభామందిరం ఆయన పేరుతోనే ఉంది.