ఆకలి తీరంలో రాసిన ప్రణాళిక

మిషనరీల చరిత్ర చదివిన వారికి కెప్టెన్ అలెన్ గార్డినర్ పేరు వినగానే గుర్తొచ్చేది ఆయన ఆకలిచావు. దక్షిణ అమెరికా కొట్టకొసన, మంచుగాలులు వీచే ఒక తీరంలో 1851లో ఆయనా, ఆయన వెంట వెళ్లిన ఆరుగురూ తిండి లేక, రోగాలతో ఒకరి తర్వాత ఒకరు కన్నుమూశారు. ఆ తీరంలో వారు ఒక్కరికైనా బాప్తిస్మం ఇవ్వలేదు. అక్కడి ప్రజల భాషలో ఒక్క ప్రసంగమైనా చేయలేదు. అయినా గార్డినర్ స్థాపించిన మిషనరీ సొసైటీ 2010 వరకూ అదే ఖండంలో పరిచర్య చేసింది. చిలీ, అర్జెంటీనా, పెరూ వంటి దేశాల్లో నేడు స్పానిష్ భాషలో దేవుణ్ణి ఆరాధిస్తున్న ఎన్నో సంఘాల వెనుక దాని ప్రయాస ఉంది. ఆయన ప్రాణత్యాగం ఫలించింది అని ఒక్క మాటలో తేల్చేయడం మనకు అలవాటు. అది సగం నిజమేనని మాకు అనిపిస్తుంది. మిగతా సగం తెలియాలంటే ఆయన జీవితాన్ని మొదటి నుంచీ చూడాలి.

గార్డినర్ 1794 జనవరి 28న ఇంగ్లాండులోని బేసిల్డన్ అనే ఊరిలో భక్తిగల కుటుంబంలో పుట్టాడు. పద్నాలుగేళ్లకే పోర్ట్స్‌మత్ నౌకాదళ కళాశాలలో చేరి, 1810లో ఓడ ఎక్కాడు. 1814లో చిలీ దేశపు వాల్పరైసో రేవు దగ్గర ఫీబీ అనే బ్రిటిష్ యుద్ధనౌక అమెరికా వారి ఎసెక్స్ నౌకను పట్టుకున్నప్పుడు ఆయన ఫీబీ మీదే ఉన్నాడు. అంటే, తర్వాత తన జీవితాన్నంతా ధారపోసిన ఖండాన్ని ఆయన మొదట చూసింది సువార్తికుడిగా కాదు, యుద్ధం చేసే పడుచువాడిగా.

ఇంటిలో నేర్చుకున్న భక్తి ఓడల మీద కరిగిపోయింది. కొంతకాలానికి మనసు మళ్లి బైబిలు కొనుక్కోవాలనిపిస్తే, ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గుతో పుస్తకాల దుకాణం ముందు అటూ ఇటూ తచ్చాడి, లోపల జనం లేనప్పుడు గబుక్కున దూరి కొన్నాడని ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. ఫిరంగుల ముందు నిలబడ్డవాడికి బైబిలు కొనడానికి ధైర్యం చాలలేదు! 1820 ప్రాంతంలో తూర్పు దేశాల ప్రయాణంలో ఆయన మారుమనస్సు పొందాడు.

1834లో భార్య జూలియా మరణించింది. ఆమె మరణశయ్య పక్కనే తన మిగిలిన జీవితాన్ని సువార్త అందని ప్రజలకు అంకితం చేస్తానని ఆయన దేవునితో నిబంధన చేసుకున్నాడు. ఆ ఏడాదే దక్షిణాఫ్రికాకు బయలుదేరి, జులూ రాజు డింగానే దగ్గరకు వెళ్లాడు. ఇప్పటి డర్బన్ నగరానికి 1835లో ఆ పేరు పెట్టినవారిలో ఆయన ఒకడు. బెరయ అని ఆయన పెట్టిన పేరు ఆ నగరంలోని ఒక ప్రాంతానికి నేటికీ ఉంది. అయితే 1838లో డింగానేకూ, వలస వచ్చిన బోయర్లకూ మధ్య రక్తపాతం జరగడంతో అక్కడి పని చెదిరిపోయింది.

అప్పటికి రెండవ వివాహం చేసుకున్న గార్డినర్ భార్యనూ పిల్లలనూ వెంటబెట్టుకుని అదే ఏడాది దక్షిణ అమెరికా చేరాడు. బ్యూనస్ ఐరిస్ నుంచి విశాలమైన గడ్డిమైదానాలు దాటి, ఆండీస్ పర్వతాలు ఎక్కి దిగి చిలీకి వెళ్లాడు. దక్షిణ చిలీలోని మపూచే ప్రజల మధ్య స్థిరపడాలన్నది ఆయన కోరిక. స్పెయిన్ వారితో తరతరాలుగా పోరాడిన ఆ జాతి తెల్లవాడెవడొచ్చినా అనుమానంగానే చూసింది. అక్కడ చోటు దొరక్క న్యూగినీకి వెళ్లాలని చూశాడు. ఆ ప్రాంతాన్ని ఏలుతున్న డచ్చివారు అనుమతించలేదు. మళ్లీ చిలీకి, అక్కడి నుంచి ఫాక్‌లాండ్ దీవులకు, అక్కడి నుంచి పాటగోనియాకు! చదువుతుంటేనే మనకు ఆయాసం వస్తుంది. ఆ ప్రయాణాల్లో ఆయన భార్య ఎలిజబెత్ పడిన పాట్లు మాత్రం ఈ కథలు చెప్పేవారికి ఎందుకో పెద్దగా గుర్తుండవు.

పాటగోనియాలో ఒక నాయకుడు ఆదరంగా మాట్లాడేసరికి ఆయనలో ఆశ చిగురించింది. ఇంగ్లాండుకు వెళ్లి చర్చ్ మిషనరీ సొసైటీని అడిగాడు. డబ్బు లేదని వారు నిరాకరించారు. ఆ తర్వాత అర్జెంటీనాలో స్పానిష్ బైబిళ్లు పంచి తిరిగొచ్చి, 1844లో బ్రైటన్ పట్టణంలో కొందరు మిత్రులతో కలిసి పాటగోనియన్ మిషనరీ సొసైటీని స్థాపించాడు. 1845లో రాబర్ట్ హంట్ అనే సహచరుడితో మళ్లీ వెళితే, మునుపు ఆదరించిన ఆ నాయకుడే ఈసారి బెదిరించాడు. కొద్ది వారాల్లోనే ఇద్దరూ తిరుగుముఖం పట్టారు. ఇక పని ఆపేద్దామని కమిటీ అనుకుంది. గార్డినర్ మాత్రం ఫెడెరికో గొంజాలెజ్ అనే స్పానిష్ ప్రొటెస్టెంటును తోడు తీసుకుని ఆ ఏడాదే బొలీవియాకు బయలుదేరాడు. జ్వరాలతో బాధపడుతూనే అక్కడి ప్రభుత్వం నుంచి అనుమతి సంపాదించాడు. దేశంలో తిరుగుబాటు వచ్చి ఆ తలుపూ మూసుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆయనలో ప్రేమకు, విశ్వాసానికి కొదవ లేదు. లేనిది నిలకడ. ఒకచోట తలుపు మూసుకుంటే అక్కడే కూర్చుని ఆ ప్రజల భాష నేర్చుకుంటూ కనిపెట్టుకుని ఉండడం ఆయనకు చేతకాలేదు. తలుపు మూసుకున్న ప్రతిసారీ ఓడ ఎక్కాడు. నౌకాదళంలో పెరిగిన మనిషికి అది సహజమే కావచ్చు. మిషనరీల గురించి మన సంఘాల్లో చెప్పేటప్పుడు ఇలాంటివి దాటేస్తాం. దాటేస్తే తర్వాత జరిగినదానికి అర్థం ఉండదు.

1848లో ఆయన ఖండపు చివరనున్న టియెర్రా డెల్ ఫ్యూగో దీవులకు వెళ్లాడు. ఎముకలు కొరికే చలిలో చిన్న పడవల మీద బతుకుతూ, చేపలూ గుల్లలూ తినే యాగాన్ ప్రజలు అక్కడ ఉండేవారు. ఒడ్డున కాపురం పెడితే సామాను దక్కదని కొద్దిరోజుల్లోనే గ్రహించి, ఓడనే నివాసంగా చేసుకోవాలని నిర్ణయించుకుని తిరిగొచ్చాడు. మంచి ఓడ కొనాలంటే డబ్బు కావాలి. ఊరూరా తిరిగినా అది కూడలేదు. చివరికి చెల్టెన్‌హాంకు చెందిన ఒక విశ్వాసురాలు 700 పౌండ్లు ఇచ్చారు. ఓడకు బదులు రెండు చిన్న పడవలతో సరిపెట్టుకున్నాడు. ఆ సరిపెట్టుకోవడమే ప్రాణాల మీదికి తెచ్చింది.

1850 సెప్టెంబరు 7న ఓషన్ క్వీన్ ఓడలో ఏడుగురు లివర్‌పూల్ నుంచి బయలుదేరారు. డాక్టరు రిచర్డ్ విలియమ్స్, ఉపదేశి జాన్ మెయిడ్‌మెంట్, వడ్రంగి జోసెఫ్ ఎర్విన్, కార్న్‌వాల్ జాలరులు ముగ్గురు, గార్డినర్. ఆరు నెలలకు సరిపడా ఆహారంతో డిసెంబరులో పిక్టన్ దీవిలో దిగారు. ఓడ వెళ్లిపోయాక చూసుకుంటే తుపాకి మందు అందులోనే ఉండిపోయింది. వేటాడి తినే దారి అలా మూసుకుపోయింది. యాగాన్ ప్రజలు గుంపుగా వచ్చి వస్తువులు అడిగారు, బెదిరించారు. వారిని మనం వెంటనే తప్పు పట్టలేం. భాష రాని కొత్తవారు సామాను నిండిన పడవలతో తమ తీరానికి వస్తే వారు ఏమనుకోవాలి? చివరికి ఏడుగురూ స్పానియర్డ్ హార్బర్ అనే నిర్జన తీరానికి తరలారు. 1851 ఫిబ్రవరిలో పయనీర్ అనే పడవ తుఫానుకు బద్దలైంది. తాము ఎక్కడున్నదీ తెలిసేలా పిక్టన్ దీవిలో రాళ్ల మీద రంగుతో రాశారు, సీసాల్లో చీటీలు పెట్టి పాతిపెట్టారు. ఆహారం తేవలసిన ఓడ సమయానికి రాలేదు.

చలికాలం ముదిరింది. చేపల వల చిరిగిపోయింది. స్కర్వీ వ్యాధి పట్టుకుంది. జూన్ 28న జాన్ బాడ్‌కాక్ అనే జాలరి మొదట చనిపోయాడు. ఆగస్టు చివర ఎర్విన్, బ్రయంట్ వెళ్లిపోయారు. సెప్టెంబరు మొదటి వారంలో, నడవలేని స్థితిలో బద్దలైన పడవ దగ్గర పడుకునే గార్డినర్ తన దినచర్య పుస్తకంలో చివరి మాటలు రాసుకున్నాడు. అప్పటికి కొన్ని రోజులుగా ఆయన నోటికి ముద్ద లేదు. సణుగుడు లేకుండా దేవుని మంచితనాన్నే తలచుకుంటూ రాశాడు. వారి గుహ దగ్గరి రాతి మీద ఒక చెయ్యి బొమ్మ, దాని కింద 62వ కీర్తన 5 నుంచి 8 వచనాల సంఖ్యలు రంగుతో రాసి ఉన్నాయి. అక్టోబరులో ఒక ఓడ కెప్టెన్ కొన్ని శవాలను కనుగొన్నాడు. 1852 జనవరిలో డిడో అనే బ్రిటిష్ యుద్ధనౌక వచ్చి, మిగిలిన వారిని గుర్తించి పాతిపెట్టింది.

ఆ చోట దొరికిన కాగితాల్లో దినచర్యతో పాటు మరొకటి ఉంది. సొసైటీ ఇకముందు ఎలా పనిచేయాలో తెలిపే ప్రణాళిక అది. ఫాక్‌లాండ్ దీవుల్లో స్థావరం పెట్టాలి. యాగాన్ ప్రజల్లో కొద్దిమందిని స్నేహంగా అక్కడికి తీసుకొచ్చి వారి దగ్గర భాష నేర్చుకోవాలి. సొంత ఓడ ఉండాలి. ఆ తర్వాతే వారి తీరంలో అడుగుపెట్టాలి. ఇరవై ఏళ్లు కుదురుగా నిలవని మనిషి చివరికి నిలబడే పద్ధతిని రాసిపెట్టాడు! ఆకలిచావు కంటే ఈ కాగితమే ముఖ్యమని మా అభిప్రాయం. మరణం ఇంగ్లాండును కదిలించింది. ఏం చేయాలో చెప్పింది మాత్రం ఈ కాగితం.

డబ్బునూ ప్రాణాలనూ వృథా చేశారని పత్రికలు దుయ్యబట్టాయి. సొసైటీ సెక్రటరీ జార్జ్ పాకెన్‌హామ్ డెస్పార్డ్ పని ఆగదని ప్రకటించాడు. 1854లో అలెన్ గార్డినర్ అనే పేరుతోనే ఓడ బయలుదేరింది. ఫాక్‌లాండ్‌లోని కెప్పెల్ దీవిలో స్థావరం ఏర్పడింది. కష్టాలు అంతటితో తీరలేదు. 1859 నవంబరు 6 ఆదివారం వులాయా అనే చోట ఆరాధన జరుపుకుంటున్న ఎనిమిది మందిని యాగాన్ ప్రజలు చంపారు. వంటవాడొక్కడే బతికాడు. డెస్పార్డ్ మనసు విరిగి ఇంగ్లాండు వెళ్లిపోయినా, ఆయన పెంచుకున్న థామస్ బ్రిడ్జెస్ అనే కుర్రవాడు కెప్పెల్‌లో ఉండిపోయి యాగాన్ భాష నేర్చుకున్నాడు. 1869లో వెయిట్ స్టర్లింగ్ ఉషువాయాలో ఒక చిన్న గుడిసె వేసుకుని, తెల్లవాడు మరొకడు లేకుండా యాగాన్ ప్రజల మధ్య నెలల తరబడి నివసించాడు. ఆ ఏడాది చివర ఫాక్‌లాండ్ దీవులకు ఆయన బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆ ప్రజలు ఎన్నటికీ మారరనుకున్న చార్లెస్ డార్విన్ కూడా తన అంచనా తప్పని ఒప్పుకుని సొసైటీకి చందా పంపాడు.

మరి స్పానిష్ సంఘాల సంగతి? గార్డినర్ కుమారుడు, తండ్రి పేరే పెట్టుకున్న పాదిరి, 1860ల మొదట్లో చిలీలోని లోటా బొగ్గు గనుల పట్టణానికి వెళ్లి, అక్కడి ఇంగ్లీషు కార్మికుల మధ్య పరిచర్య ప్రారంభించాడు. పని ఇలా ఖండం పైకి పాకడంతో 1864లో సొసైటీ పేరు సౌత్ అమెరికన్ మిషనరీ సొసైటీ అయింది. 1889లో బార్బ్రూక్ గ్రబ్ పరాగ్వే చాకో అడవుల్లోకి వెళ్లాడు. గార్డినర్‌కు చోటివ్వని మపూచే ప్రజల మధ్య 1895 నుంచి చోల్‌చోల్‌లో సేవ మొదలైంది. స్పానిష్ మాట్లాడే పట్టణ ప్రజల దగ్గరకు వెళ్లడానికి మాత్రం ఆంగ్లికన్లు చాలాకాలం వెనకాడారు. వారు ఇప్పటికే రోమన్ క్యాథలిక్ క్రైస్తవులు కదా అన్న వాదన అప్పట్లో బలంగా ఉండేది. 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభ లాటిన్ అమెరికాలోని ఆ పనిని తన చర్చలోకే తీసుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఆ సంకోచం తగ్గింది. చిలీ ఆంగ్లికన్ సంఘం 2018లో స్వతంత్ర ప్రావిన్సు అయింది. ఒకప్పుడు డబ్బు లేదని గార్డినర్‌ను తిప్పి పంపిన చర్చ్ మిషనరీ సొసైటీలోనే 2010లో ఆయన సొసైటీ విలీనమైంది.

యాగాన్ ప్రజల మాట కూడా చెప్పాలి. 1884లో అర్జెంటీనా ప్రభుత్వం ఉషువాయాలో తన జెండా ఎగరేసిన కాలంలోనే తట్టు అక్కడ వ్యాపించి ఎందరినో బలి తీసుకుంది. వలసలు, రోగాలు ఆ జాతిని కరిగించేశాయి. బ్రిడ్జెస్ వారి భాషలో సుమారు 32,000 మాటలతో నిఘంటువు సిద్ధం చేశాడు. ఆయన అనువదించిన లూకా సువార్త 1881లో అచ్చయింది. ఆ భాషను తల్లి ఒడిలో నేర్చుకున్న చివరి వ్యక్తి క్రిస్టీనా కాల్డెరాన్ తన 93వ ఏట 2022 ఫిబ్రవరిలో చిలీలో మరణించింది.